తెర మీద రైలు.. తోటలో రాయి!

* పట్టాలు పడకముందే ఫోన్లలో పరుగులు తీస్తున్న రైల్వే ప్రాజెక్టులు
* ప్రచార వీడియోల్లో కనిపించేది కొంత.. కనిపించనిది కొండంత
* నోటీసు ఒక భాషలో, వ్యాఖ్యానం మరో భాషలో.. సరిహద్దు తెలుగువారికి చిక్కు

ఇంకా స్తంభాలు లేవలేదు. పట్టాలు పడలేదు. అయినా రైలు మాత్రం దూసుకెళుతోంది. నది మీద పొడవాటి వంతెన, పక్కన పచ్చటి పొలాలు, వెనక హుషారైన సంగీతం, గంభీరమైన గొంతుతో వ్యాఖ్యానం. రెండు మూడు నిమిషాల్లో ప్రయాణం పూర్తి. వాట్సప్‌లో ఆ వీడియో ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. సాయంత్రానికల్లా 'మన ఊరికి రైలొచ్చేస్తోందట' అన్న మాట టీ కొట్టు దాకా చేరుతుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత పెద్దలు ఊరికే చెప్పలేదు.

అలాగని ఈ వీడియోలన్నీ అబద్ధాలని కొట్టిపారేయడానికీ లేదు. వాటి వెనక ఇంజినీర్ల డ్రాయింగులుంటాయి. కెమెరా పట్టుకుని ఎండలో నిలబడే కుర్రాళ్ల శ్రమ ఉంటుంది. కొన్ని దృశ్యాలు ముందుతరాలకు రికార్డుగానూ మిగులుతాయి. చిక్కల్లా ఒక్కటే. ఏది బొమ్మ, ఏది నిజంగా కట్టింది అన్న తేడా చూసేవాళ్లకు తెలియాలి. ముఖ్యంగా ఆ గీత ఎవరి పొలం మీదుగా వెళుతోందో ఆ రైతుకు తెలియాలి. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఇది మరీ అవసరం. ఎందుకో చివరికి అర్థమవుతుంది.

పాత చుట్టరికమే

రైలుకూ, సినిమాకూ బంధం ఈనాటిది కాదు. 1896 జులై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో లూమియేర్ సోదరుల బొమ్మలు తొలిసారి ఆడినప్పుడు, ఆ ఆరింటిలో ఒకటి స్టేషన్లోకి రైలు వచ్చే దృశ్యమే. మరొకటి గోడ కూల్చే దృశ్యం. కట్టుబడి పనులు, రైలు.. రెండూ మన దేశంలో సినిమా పుట్టిన రోజే తెర మీదికి వచ్చాయన్నమాట.

అప్పటికీ, ఇప్పటికీ ఒక్కటే తేడా. ఆ రోజు కెమెరా ముందు నిజమైన రైలుంది. ఇవాళ రైలు లేకపోయినా బొమ్మ తయారవుతుంది.

మూడు రకాల బొమ్మ

రైల్వే నిర్మాణాల ప్రచార వీడియోలో సాధారణంగా మూడు రకాల దృశ్యాలు కలిసి ఉంటాయి. మూడింటినీ అతుకు కనిపించకుండా కుట్టడమే ఎడిటర్ పనితనం.

మొదటిది యానిమేషన్. వంతెన లేదా స్టేషను డ్రాయింగులు, మార్గం ఎత్తుపల్లాల పటం, సర్వే కొలతలు తీసుకుని కంప్యూటర్లో త్రీడీ బొమ్మ గీస్తారు. కొలతలు నిజమైనవే. చెట్లు, జనం, ఆకాశం, రైలు రంగు మాత్రం గీసేవారి ఇష్టం. నేల ఎక్కడ మెత్తగా ఉందో, ఎవరి ఇల్లు అడ్డొస్తుందో ఈ బొమ్మలో ఉండదు.

రెండోది డ్రోన్ చిత్రీకరణ. ఇది నిజంగా కట్టిన పనే. డ్రోన్ ఎగరేయాలంటే ఇష్టారాజ్యం కుదరదు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విడగొట్టారు. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల ఎత్తు వరకు వెసులుబాటు ఉంది. ఎరుపు మండలంలో కేంద్రం అనుమతి లేనిదే ఎగరకూడదు. దీనికి తోడు పట్టాల మీద 25 వేల వోల్టుల విద్యుత్ తీగలు. పొరపాటున డ్రోన్ వాటి మీద పడితే రైళ్లే ఆగిపోయే ప్రమాదం. నడుస్తున్న లైను మీద గడ్డర్ ఎక్కించే పనైతే మరీ కష్టం. రైళ్లు ఆపి కొద్ది గంటల 'బ్లాక్' ఇస్తారు. అది ఎక్కువగా అర్ధరాత్రే దొరుకుతుంది. రెండో టేకు ఉండదు. అందుకే మూడు నాలుగు కెమెరాలు ముందుగానే బిగించి కూర్చుంటారు.

మూడోది టైమ్‌ల్యాప్స్. ఒకేచోట బిగించిన కెమెరా కొద్ది నిమిషాలకో ఫొటో తీస్తూ పోతుంది. లెక్క చూడండి. 5 నిమిషాలకొకటి చొప్పున 12 గంటల్లో 144 ఫొటోలు. సెకనుకు 24 చొప్పున తెర మీద వేస్తే అవి 6 సెకన్లకు సరి. ఏడాది పని మొత్తం 36 నిమిషాల బొమ్మ. అందులోంచి ప్రచార వీడియోలోకి చేరేది అర నిమిషం కూడా కాదు. పని ఆగిపోయిన వారాలు, వరద ముంచిన రోజులు, కూలీలు వెళ్లిపోయిన నెలలు కత్తెరకు బలవుతాయి. చూసేవాళ్లకు వంతెన మొక్కజొన్న చేనులా దానంతటదే పెరిగినట్టు కనిపిస్తుంది.

కొండ చెప్పిన పాఠం

వీడియోకూ, వాస్తవానికీ ఉన్న ఎడం తెలుసుకోవాలంటే చీనాబ్ వంతెనను మించిన ఉదాహరణ లేదు. జమ్మూకశ్మీర్‌లో 272 కిలోమీటర్ల ఉధంపుర్-శ్రీనగర్-బారాముల్లా మార్గంలో, నది అడుగు నుంచి 359 మీటర్ల ఎత్తున కట్టిన ఉక్కు కమాను వంతెన అది. పొడవు 1,315 మీటర్లు. కమాను ఒక్కటే 467 మీటర్లు. కమాను రెండు కొసలు కలిసింది 2021 ఏప్రిల్‌లో. పై భాగం కలిసింది 2022 ఆగస్టులో. ప్రధానమంత్రి ప్రారంభించింది 2025 జూన్ 6న. మబ్బుల పైన వంతెన, దాని మీద రైలు.. దేశంలో ఈ వీడియో చూడని ఫోను అరుదు.

ఆ కొండవాలును నిలబెట్టే పనిలో 17 ఏళ్లు సలహాదారుగా ఉన్నది ఓ తెలుగు ఆచార్యురాలు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ప్రొఫెసర్ జి.మాధవీలత. పుట్టింది ప్రకాశం జిల్లాలో. కాకినాడలో ఇంజినీరింగ్, వరంగల్లో ఎంటెక్, మద్రాసు ఐఐటీలో డాక్టరేటు చేశారు. ఈ పని గురించి ఆమె 2025లో ఓ శాస్త్ర పత్రికలో వ్యాసం రాశారు. దాని సారాంశం ఒక్క మాటలో చెప్పాలంటే, పని చేస్తూ పోతుంటే డిజైన్ మార్చుకుంటూ పోవడం. తవ్వేకొద్దీ పగుళ్లిచ్చిన రాళ్లు, కంటికి కనిపించని గుల్లలు, చోటుకో రకం శిల బయటపడ్డాయి. ముందు గీసిన గీతనే పట్టుకుని కూర్చుంటే పని జరిగేది కాదు. కొండ ఏం చెబితే అది విని, లెక్క మళ్లీ వేసుకుని, బోల్టులు ఎక్కడ దిగ్గొట్టాలో తిరిగి నిర్ణయించారు.

యానిమేషన్‌లో ఈ కథ ఉండదు. అందులో వంతెన మొదటి రోజు నుంచే పూర్తయి ఉంటుంది. నిజానికి ఇంజినీరింగ్ గొప్పతనమంతా ఆ మార్పుల్లోనే దాగుంది.

ఇంకో ముచ్చట కూడా చెప్పుకోవాలి. ప్రారంభోత్సవం తర్వాత పత్రికలు, టీవీలు ఆమె పేరు మార్మోగించేశాయి. ఆమె మాత్రం తాను వేలమందిలో ఒకరినేననీ, అనవసరంగా పేరు తెచ్చిపెట్టొద్దనీ బహిరంగంగానే కోరారు. వీడియో ఒక్క రైలును చూపిస్తే, మీడియా ఒక్క మనిషిని చూపించింది. రెండుచోట్లా తప్పిపోయింది ఆ వేలమందే.

లేచిన వంతెన.. తగ్గిన వేగం

రామేశ్వరం వెళ్లే తెలుగు యాత్రికులకు పంబన్ వంతెన కొత్త కాదు. 1914లో తెరిచిన పాత వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్లు ఆపేశారు. పక్కనే 2 కిలోమీటర్లకు పైగా పొడవున కొత్తది కట్టి 2025 ఏప్రిల్ 6న ప్రారంభించారు. ఓడలు వచ్చినప్పుడు 72.5 మీటర్ల మధ్య భాగం నిలువునా 17 మీటర్లు పైకి లేస్తుంది. ఇలాంటి ఏర్పాటు దేశంలో ఇదే మొదటిది. కెమెరాకు ఇంతకన్నా పండగేముంటుంది? సముద్రం మధ్యలో వంతెన లిఫ్టులా లేస్తుంటే రెప్ప వేయబుద్ధి కాదు.

ఈ వంతెనకు సంబంధించి కాగితం మీద ఇంకో కథ ఉంది. కొత్త మార్గంలో ప్రయాణికుల రైలు నడపాలంటే ముందుగా రైల్వే భద్రతా కమిషనర్ తనిఖీ చేసి అనుమతివ్వాలి. ఈ కమిషనర్లు పనిచేసేది రైల్వే శాఖ కింద కాదు, పౌర విమానయాన శాఖ కింద. 2024 నవంబరులో వచ్చిన ఆయన నివేదిక వంతెన ప్రణాళిక దశ నుంచే లోపాలున్నాయని ఎత్తిచూపింది. అనుమతిస్తూనే వేగానికి పగ్గాలు వేసింది. వంతెన మీద గంటకు 75 కిలోమీటర్లు, లేచే భాగం మీద 50 కిలోమీటర్లు. డిజైన్‌ను ఐఐటీల్లో పరిశీలింపజేశామని రైల్వే శాఖ వివరణ ఇచ్చింది. లోపాల మీద కమిటీ కూడా వేసింది.

ఎవరి మాట ఒప్పన్నది నిపుణులు తేల్చాలి. ప్రయాణికుడు గమనించాల్సిందల్లా ఒకటుంది. వంతెన లేవడం వీడియో చెబుతుంది. దాని మీద రైలు ఎంత వేగంతో పోవాలో నివేదిక చెబుతుంది. వీడియో లక్షలమందికి చేరింది. నివేదిక చదివినవాళ్లెందరు?

భివండీ ముంగిట బుల్లెట్

మగ్గాన్ని నమ్ముకుని తెలంగాణ పల్లెల నుంచి వెళ్లిన పద్మశాలీలు భివండీలో తరాలుగా ఉన్నారు. వాళ్ల పట్టణం పక్కనే ముంబయి-అహ్మదాబాద్ బుల్లెట్ రైలుకు ఠాణె డిపో వస్తోంది. 508 కిలోమీటర్లు, 12 స్టేషన్లు. 2017 సెప్టెంబరు 14న శంకుస్థాపన. ఆ నాడే జపాన్ రైలు బొమ్మతో వీడియోలు ఊరూరా తిరిగాయి. 2022 ఆగస్టు 15కల్లా నడపాలన్నది అప్పటి లక్ష్యం. ఆ తేదీ వచ్చింది, పోయింది. రైలు రాలేదు. మహారాష్ట్రలో భూసేకరణే ఏళ్ల తరబడి నడిచింది. గుజరాత్‌లో పని ముందుకు సాగింది.

ఈ ప్రాజెక్టు వీడియోల్లో మెచ్చుకోదగ్గదీ ఉంది. 40 మీటర్ల పొడవు, 970 టన్నుల బరువున్న గడ్డర్‌ను ఒకే ముక్కగా ఎత్తి స్తంభాల మీద పెట్టడం, ఏ నది మీద వంతెన ఎప్పుడు పూర్తయిందీ సంస్థ ఎప్పటికప్పుడు విడివిడిగా చూపిస్తూ వచ్చింది. ఇవి బొమ్మలు కావు, జరిగిన పని. అదే సంస్థ యానిమేషన్లు, అదే సంస్థ పనుల వీడియోలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఎంత కట్టారో, ఎంత మిగిలిందో సామాన్యుడికీ తెలిసిపోతుంది.

గోదారి నడుమ స్తంభాలు

యానాం వాసులకు ఈ విషయం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పట్టణానికి రైల్వే స్టేషను లేదు. రైలెక్కాలంటే కాకినాడ పోవాలి. ఆ కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన లైనును రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో పీకేశారు. 45 కిలోమీటర్ల ఆ లైను మళ్లీ 2004లో గానీ ప్రాణం పోసుకోలేదు. అక్కడి నుంచి కోనసీమ మీదుగా నరసాపురం వరకు 57 కిలోమీటర్ల కొత్త లైను 2000-01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ.. మూడు పాయల మీదా వంతెనలు కట్టాలి. పాతికేళ్లు దాటినా ఆ లైను మీద రైలు కూత వినపడలేదు. గోదారిలో స్తంభాలు మాత్రం లేచాయి.

కోటిపల్లి రేవులో పడవెక్కేవారికి ఆ స్తంభాలే టైమ్‌ల్యాప్స్. వాటిని పైనుంచి డ్రోన్‌తో తీసిన వీడియోలు యూట్యూబ్‌లో ఎన్నో. ఎంత అందంగా తీసినా ఒక ప్రశ్నకు అవి జవాబు చెప్పవు. ఈ ఏడాది ఈ లైనుకు ఎంత డబ్బిచ్చారు? ఆ జవాబు 'పింక్ బుక్'లో ఉంటుంది. ఏ ప్రాజెక్టుకు ఎంత కేటాయించారో జోన్లవారీగా ఏటా బడ్జెట్ వేళ విడుదల చేసే పుస్తకమది. రైల్వే వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. పేరు పక్కన కోట్లుంటే పని నడుస్తుంది. నామమాత్రపు మొత్తం ఉంటే వీడియోలో రైలు ఎంత వేగంగా పోయినా లాభం లేదు.

గీత గీసింది ఎవరి పొలంలో?

ఒడిశాలో తెలుగువారున్న జిల్లాలకు ఇప్పుడు కొత్త ఆశలు. మల్కనగిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వరకు 173 కిలోమీటర్లు, రాయగడ జిల్లాలో గుణుపూర్ నుంచి థెరువలి వరకు 73 కిలోమీటర్లు. రెండింటికీ కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 9న పచ్చజెండా ఊపింది. ఇటు కర్ణాటకలో తెలుగు వినిపించే పావగడ మీదుగా రాయదుర్గం-తుమకూరు లైను 2007-08లోనే మంజూరైంది. 207 కిలోమీటర్ల ఆ పని ముక్కలు ముక్కలుగా సాగుతూ వచ్చింది.

ఇలాంటి మార్గాలు మంజూరు కాగానే పటం మీద ఎర్రగీత పరుగెత్తే వీడియోలు పుట్టుకొస్తాయి. కొన్ని అధికారికం. చాలావరకు ఎవరో ఫోన్లో అతికించినవి. ఆ గీతను చూసి భూముల ధరలు పెంచేసే దళారులకు కొదవ లేదు. ఉన్న ఎకరం కాస్తా అమ్ముకునేవాళ్లు, అప్పుచేసి కొనేవాళ్లు.. ఇద్దరూ ఆ గీతనే నమ్ముకుంటారు. అసలు అమరిక తేలేది తుది సర్వేలో. చట్టం ముందు చెల్లేది గెజిట్‌లో అచ్చయిన సర్వే నంబరే.

అక్కడే ఉంది అసలు మెలిక. రైల్వే చట్టానికి 2008లో చేర్చిన అధ్యాయం కింద భూమి తీసుకుంటే, నోటిఫికేషన్ సారాంశం రెండు స్థానిక పత్రికల్లో వేయాలి. అందులో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. 30 రోజుల్లోగా అభ్యంతరం చెప్పుకోవాలి. 2013 భూసేకరణ చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం తీసుకుంటే ఆ గడువు 60 రోజులు. ప్రాంతీయ భాష అంటే మల్కనగిరిలో ఒడియా, పావగడలో కన్నడం, భివండీలో మరాఠీ. ఆ భాష మాట్లాడ్డం వచ్చినా చదవలేని తెలుగు పెద్దలు ఎందరో. ప్రచార వీడియో చూద్దామా అంటే వ్యాఖ్యానం ఎక్కువగా హిందీలోనో, ఇంగ్లిషులోనో ఉంటుంది. ఇంట్లో తెలుగు, నోటీసు ఒక భాష, వీడియో మరో భాష. మూడింటి మధ్య నెల రోజులు కరిగిపోతాయి. తోటలో సరిహద్దు రాయి పాతినప్పుడు గానీ విషయం తెలియదు.

తెలుగులోనే అడగొచ్చు

దీనికి దారి లేకపోలేదు. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం ఎవరైనా తమ గోడును కేంద్రంలో గానీ, రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి రాసుకోవచ్చు. రాయగడ రైతు తెలుగులో అర్జీ ఇస్తే భాష పేరు చెప్పి తిప్పి పంపడానికి వీల్లేదు. భాషాపరమైన అల్పసంఖ్యాకులు జిల్లాలో గానీ, తాలూకాలో గానీ 15 శాతానికి తగ్గకుండా ఉన్నచోట ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు వారి భాషలోనూ వెలువడాలన్నది అంగీకరించిన రక్షణల్లో ఒకటి. అమలు కాకుంటే భాషాపరమైన అల్పసంఖ్యాకుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

రైలు వీడియో చూసి సంబరపడటంలో తప్పు లేదు. చూశాక ఈ నాలుగు పనులు చేస్తే మేలు.

* బొమ్మా, నిజమా చూడండి. నీడలు, బురద, కూలీలు, క్రేన్లు లేకుండా అంతా తళతళలాడుతుంటే అది యానిమేషనే. డ్రోన్ దృశ్యమైతే ఏ నెలలో తీసిందో వెతకండి. తేదీ లేని వీడియోను నమ్మి ధర మాట్లాడొద్దు.

* పింక్ బుక్‌లో ఆ లైను పేరు, కేటాయింపు చూడండి. తెలియకుంటే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. దీనికి మాత్రం ఇంగ్లిషు, హిందీ లేదా ఆ రాష్ట్ర అధికార భాష వాడాలి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

* మీ భూమి కాగితం దగ్గరుంచుకోండి. కర్ణాటకలో పహణీ, తమిళనాడులో పట్టా-చిట్టా, మహారాష్ట్రలో సాత్‌బారా, ఒడిశాలో పట్టా. పేరేదైనా నోటీసులోని సర్వే నంబరును దాంతో పోల్చుకోండి. చనిపోయిన తాత పేరే ఉంటే ముందే మార్పించుకోండి. పరిహారం ఆగేది ఎక్కువగా అక్కడే.

* స్థానిక భాష చదివే పిల్లల చేత నోటీసు చదివించుకోండి. కన్నడ బళ్లో, ఒడియా బళ్లో చదువుకునే మనవడు ఇంట్లో ఉంటే అంతకన్నా మంచి దుబాసీ ఎక్కడ దొరుకుతాడు!

తీసేవాళ్లకూ ఒక మాట

వీడియోలు తీయించే సంస్థలకు ఇది పెద్ద ఖర్చేమీ కాదు. యానిమేషన్ నడుస్తున్నంత సేపూ తెర మూలన 'ఇది ఊహాచిత్రం' అని ఒక ముక్క, డ్రోన్ దృశ్యం కింద తీసిన నెల, సంవత్సరం వేస్తే సరిపోతుంది. లైను వెళ్లే దారిలో ఏ భాషల వాళ్లున్నారో చూసుకుని ఆ భాషల్లో గొంతు కలపాలి. చివరి పది సెకన్లలో సంగీతం కాస్త తగ్గించి భూసేకరణ అధికారి కార్యాలయం చిరునామా, అభ్యంతరాల గడువు చెప్పినా చాలు. రైలు ఎంత వేగంగా పోతుందో చెప్పే వీడియో, నోటీసు ఎక్కడ దొరుకుతుందో కూడా చెబితే దానికి నూరు మార్కులు.

సరిహద్దు జిల్లాల తెలుగువారికి రైలంటే సరదా కాదు. పెళ్లికీ, చావుకీ, మొక్కుకీ, చదువుకీ అటున్న బంధువుల దగ్గరికి చేర్చే దారి. అందుకే ప్రతి వీడియోనూ అంత ఆశగా చూస్తారు. ఆ ఆశకు కనీసం ఒక తేదీ, తమ భాషలో ఒక మాట బదులుగా దక్కాలి.